కుప్పం పోయిన ప్రస్థానం

మా నాయన నారాయణప్పకు తెలియని ప్రయాణం లేదు. చేసిన ప్రయాణమే లేదు.

పుంగనూరులో సంతకు పోయే దారిలో ఆయనకు తాళ్ల అంగడి ఉండేది. పలుపులు, ముకుతాళ్లు, చేదతాళ్లు, ఎద్దుల మెడలో కట్టే గంటలు అమ్మేవాడు. అంగడి ముందున్న బల్ల మీద కూర్చున్న వాళ్లకు కాశీకి ఏ దారిన పోవాలో, ఢిల్లీ చలిలో ఏం కప్పుకోవాలో ఉచితంగా చెప్పేవాడు. తాను స్వయంగా చూసిన లోకం మాత్రం ఒక పక్క సోమల, ఒక పక్క చౌడేపల్లె, ఇంకోపక్క పెద్దతిప్పసముద్రం. ఈ మూడు ఊళ్లకూ తాళ్ల మూటతో పోయి, పొద్దు గూకేలోపల ఇల్లు చేరేవాడు. సరుకు కోసం మదనపల్లెకు పోయినా అంతే. తిరుమలకు ఒకే ఒకసారి, ఊరివాళ్లతో కలిసి లారీలో పోయొచ్చాడు. దాన్ని ఆయన ప్రయాణం కింద లెక్కవేయలేదు. స్వామి పిలిపించుకున్నాడు కాబట్టి ఆ బాధ్యత స్వామిదట.

ఆయన చేతికి ఒక గడియారం ఉండేది. రోజూ పొద్దున రేడియోలో వార్తలు మొదలయ్యే క్షణానికి దాన్ని సరిచేసేవాడు. వీధిలో ఎవరికి టైము కావాలన్నా మా అంగడికి వచ్చేవాళ్లు. ఆ గడియారంతో ఆయనకున్న ముఖ్యమైన పని ఒకటే, రాహుకాలం తప్పించుకోవడం. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. అక్షరాల కంటే ముందు నేను నేర్చుకున్న చదువు ఇదే. మా ఇంట్లో రాహుకాలంలో కొత్త సబ్బు కూడా కాగితం విప్పేవాళ్లం కాదు.

ఇట్లాంటి ఇంటికి 1997లో హైదరాబాదు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నేను మదనపల్లెలో బీకాం చదివి, ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగానికి పరీక్ష రాసి ఉన్నాను. అందులో పాసయ్యాను. సోమవారం పొద్దున పది గంటలకు ఇంటర్వ్యూకు రమ్మన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు లేకుండా వస్తే లోపలికి రానిచ్చేది లేదని కింద గీత గీసి మరీ రాశారు. మా ఇంట్లో అంతవరకు నెలజీతం అన్న మాట ఎవరూ వాడలేదు. మా తాత కూలికి తాళ్లు పేనినవాడు, మా నాయన ఆ తాళ్లు అమ్మినవాడు. ఈ ఉద్యోగం వస్తే నేను చదువుకున్నట్టు, రాకపోతే ఊరికే కాలేజీకి పోయొచ్చినట్టు. సంబంధాలు చూసేవాళ్లు అప్పటికే గడప దగ్గరికి వచ్చి చెప్పులు విప్పుతున్నారు.

"ఆడబిడ్డ అంత దూరం ఒంటిగా యాడ పోతాది? నేనొస్తా," అన్నాడు మా నాయన.

ఆ క్షణం నుంచి అది నా ఇంటర్వ్యూ కాదు, ఆయన దండయాత్ర.

ఇరవై రోజుల ముందే మదనపల్లెకు పోయి రెండు టికెట్లు రిజర్వు చేసుకొచ్చాడు. శనివారం సాయంత్రం ఐదున్నర బస్సు. ఆదివారం పొద్దునకు చేరి, ఒకరోజంతా అలుపు తీర్చుకుని, సోమవారం నేను ఇంటర్వ్యూకు పోవాలి. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత వారం మళ్లీ మదనపల్లెకు పోయాడు, బస్సును చూడ్డానికి. పెళ్లిచూపులకు పోయినట్టు ఉతికిన పంచె కట్టుకుని పోయాడు. బస్సు చుట్టూ తిరిగి, చక్రాలు తట్టి చూసి, చివరికి డ్రైవరును పట్టుకుని, "ఏమప్పా, నీకు సీకట్లో కన్ను బాగా అగపడతాదా?" అని అడిగాడట.

"ఇరవై ఏండ్లుగా తోల్తాండా పెద్దాయనా, ఏమీ కాలేదు," అన్నాడట ఆ డ్రైవరు. "నువ్వెక్కినాంక ఏమైతాదో సెప్పలేను."

ఇక సామాను. జాబితా రాసే పని నాది, చెప్పే పని ఆయనది. రెండు దుప్పట్లు, టార్చిలైటు, నీళ్లకు చెంబు, చెంబు పోతే ఇంకో చెంబు, వాంతులకు నిమ్మకాయలు, మూడు పూటలకు పులిహోర, పులిహోర పాడైతే నిప్పట్లు, కొత్త చేదతాడు ఇరవై అడుగులు.

"తాడెందుకు నాయనా? బస్సును మనం లాగల్నా?"

"దూరాబారం పోయేటప్పుడు తాడు లేకుంటే ఎట్లమ్మా?" అన్నాడు. నా తెలివితక్కువకు నిజంగానే బాధపడ్డాడు.

మా అమ్మ మునిలక్ష్మి ఇవన్నీ పొయ్యి దగ్గర నుంచి చూస్తూ ఉండేది. "ఏమయ్యా, రోలు ఒకటి మర్సిపోయినావు," అనేది. ఆయన ఒక నిమిషం ఆలోచించేవాడు. అదీ మా భయం.

ప్రయాణానికి వారం ముందు పంచాంగం తెరిచాడు. అక్కడ మొదలైంది అసలు కథ. శనివారం అష్టమి. టికెట్లు కొనేటప్పుడు బస్సు చక్రాలు చూసిన మనిషి తిథి చూడలేదు. ముఖం చింతపండు నానబెట్టినట్టయింది. పురోహితం చేసే అయ్యవారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన ఇట్లాంటి వాటికి విరుగుడు లేకుండా ఉంటాడా? ప్రస్థానం పెట్టమన్నాడు.

ప్రస్థానమంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. పోవాల్సిన రోజు మంచిది కానప్పుడు, అంతకుముందే ఒక మంచి ముహూర్తం చూసి, మన వస్తువు ఒకటి పోయే దిక్కున ఉన్న ఇంకొకరి ఇంట్లో పెట్టిరావాలి. దాంతో మనం బయలుదేరినట్టే. పోయేరోజు దారిలో ఆ వస్తువు తీసుకుని అటునుంచి అటే పోవాలి. మూడు రోజులు దాటకూడదు. ఒకసారి పెట్టినదాన్ని మళ్లీ మన గడప లోపలికి తేకూడదు. తెస్తే ప్రయాణం చెడిందని అర్థం. దేవుడి కళ్లలో దుమ్ము కొట్టడానికి మన పెద్దలు కనిపెట్టిన ఉపాయం ఇది. దేవుడు కూడా పోనీలే అని ఊరుకుంటాడు.

దీనికి ఒక తువ్వాలు పెట్టినా చాలు, ఒక కొబ్బరికాయ పెట్టినా చాలు. మా నాయన ఏదైనా చాలు అనే మనిషైతే ఈ కథ రాసే పని నాకు ఉండేది కాదు.

"ముఖ్యంగా పోవాల్సినవేవి? సర్టిఫికెట్లు. అవి మంచి గడియలో బయల్దేరల్ల," అన్నాడు. పదో తరగతి నుంచి బీకాం దాకా నా ఒరిజినల్సు, ఇంటర్వ్యూ ఉత్తరం, రెండు బస్సు టికెట్లు, అన్నీ ఒక గుడ్డసంచిలో వేశాడు. దాని మూతిని సన్నని తాడుతో బిగించి, ఆయన తప్ప లోకంలో ఎవరూ విప్పలేని ముడి వేశాడు. ఎద్దును కట్టేసే ముడి అది.

"వద్దు నాయనా, అవి ఇంట్లో ఉండనీ," అని నేను మూడుసార్లు మొత్తుకున్నాను.

"నువ్వు గమ్మునుండు. నీకు తెలీదు," అన్నాడు.

పెట్టడానికి ఎంచుకున్న ఇల్లు శంకరప్పది. ఊరికి ఉత్తరాన, మదనపల్లె రోడ్డు పక్కనే ఉంటుంది. శంకరప్ప రిటైరైన పోస్టుమాను. ముప్పై ఏళ్లు తపాలా సంచి భుజాన మోసి, ఒక్క కార్డు కూడా పారేయలేదని పేరున్న మనిషి. గురువారం, షష్ఠి, పొద్దున ఏడూ ఇరవైకి మా నాయన గడియారం చూసుకుంటూ ఆ సంచిని శంకరప్ప చేతిలో పెట్టాడు. "ఇది నా బిడ్డ బతుకప్పా, భద్రం," అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఎంతో బాగుండేది.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు మా నాయన ఊరికే ఒకసారి సంచిని పలకరించి వద్దామని నన్ను కూడా వెంటబెట్టుకుని పోయాడు. శంకరప్ప ఇంటికి తాళం వేసి ఉంది. కొబ్బరిచిప్పంత తాళం. పక్కింటి వసంతమ్మ వాకిట్లో ముగ్గు ముందర నిలబడి ఉంది.

"కుప్పం పోయినారే! నిన్న సాయంత్రం. చెల్లెలికి మనవడు పుట్టినాడంట, ఈ పొద్దు పేరు పెడతాండారంట," అంది.

కిటికీలోంచి తొంగిచూశాను. లోపల బల్ల మీద సంచి లేదు.

"సంచి కోసమా?" అంది వసంతమ్మ చాలా తృప్తిగా. "దిగులు పడొద్దండి. ఖాళీ ఇంట్లో పెట్టిపోతే దొంగలొస్తే ఎట్ల అని శంకరప్పన్న దాన్ని భుజానికి తగిలించుకోనే పోయినాడు."

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు, నేను ఉత్తరానికి పోవాల్సి ఉండగా నా చదువంతా దక్షిణానికి, నూరు కిలోమీటర్ల దూరం వెళ్లి కూర్చుంది. మా వంశంలో మొదటి దూరప్రయాణం నా సర్టిఫికెట్లు చేశాయి, అదీ మంచి ముహూర్తంలో.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నడివీధిలో నిలబడి, మా నాయనను ఎప్పుడూ అనని మాటలన్నీ అన్నాను. "నీ పంచాంగం కుప్పంలో పారెయ్యి. నేనీ జన్మలో ఉద్యోగం సెయ్యకూడదనే గదా నీ కోరిక? సంబంధమొచ్చినోడికి ఇచ్చేసి సేతులు కడుక్కో," అన్నాను. వసంతమ్మ ముగ్గుచిప్ప కింద పెట్టి మరీ విన్నది.

ఆయన గడియారం చూసుకున్నాడు. తొమ్మిదింపావు. అప్పుడే మదనపల్లె వైపు నుంచి పలమనేరు బస్సు వస్తోంది. పలమనేరులో దిగి కుప్పం బస్సు పట్టుకోవాలి. ఆయన రోడ్డుకు అడ్డంగా చెయ్యెత్తాడు.

"నాయనా, రాహుకాలం!" అన్నాను, అలవాటు కొద్దీ.

"నాది గదమ్మా, నాకేమైతాదిలే," అని ఎక్కేశాడు.

ఇరవై రోజులు సిద్ధమైన మనిషి తన మొదటి దూరపు బస్సు ప్రయాణానికి అట్లా బయలుదేరాడు. దుప్పటి లేదు, చెంబు లేదు, నిమ్మకాయ లేదు, తాడు అసలే లేదు. భుజం మీద తువ్వాలు, కాళ్లకు అరిగిపోయిన ఇంటి చెప్పులు.

కుప్పంలో జరిగింది ఆయన తర్వాత చెప్పాడు. శంకరప్ప చెల్లెలి ఇల్లు ఎక్కడో తెలియదు. పేరు పెట్టే ఇల్లు ఎక్కడని అడుగుతూ పోతే ఆ రోజు కుప్పంలో మూడు ఇళ్లలో పేర్లు పెడుతున్నారు. రెండిళ్లలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. మూడో ఇంట్లో పంక్తి మధ్యన శంకరప్ప సంచి భుజాన వేసుకుని బువ్వ తింటున్నాడు.

"నారాయణప్పా! నువ్వెందుకొస్తివి? సూడు, నీ సంచిని నేల మీద పెట్టలా," అన్నాడట ఎడమచేత్తో దాన్ని తట్టి. "బస్సు సాయంత్రం గదా. బువ్వ తినేసి నేనే తెస్తాంటి."

అప్పటికి రెండున్నర. ఆ బువ్వ తిని ఐదున్నరకు మదనపల్లె చేరాలంటే శంకరప్పకు రెక్కలు కావాలి. పోస్టుమానుగా ఉన్నప్పుడు కూడా ఆయన ఉత్తరం పోగొట్టలేదన్నారే గానీ, వేళకు తెచ్చాడని ఎవరూ అనలేదు.

ఇద్దరూ కలిసి పుంగనూరులో దిగేసరికి ఆరున్నర దాటింది. మదనపల్లెలో మా రెండు సీట్లు ఖాళీగా బయలుదేరి గంటయింది. నేను పరిగెత్తుకుంటూ పోయాను. మా నాయన చేతులు ఊపుకుంటూ వస్తున్నాడు.

"సంచి యాడ?"

"శంకరప్ప ఇంట్లో పెట్టొచ్చినా. ప్రస్థానం సంచి ఇంటికి తేగూడదు గదమ్మా."

ఇంత జరిగినా! నేను రోడ్డు మీదే కూలబడి నవ్వాను. నవ్వుతూ ఏడ్చాను. తర్వాత లేచి, పోయి శంకరప్ప ఇంటి తాళంచెవి తీసుకొచ్చి మా అమ్మ కొంగుకు ముడివేశాను. శంకరప్ప లోపల ఉండగానే బయట తాళం వేసి వచ్చాను. పొద్దున కాఫీ మాత్రం మా అమ్మ కిటికీలోంచి ఇచ్చింది.

ఇక మిగిలింది ఆదివారం సాయంత్రం బస్సు. ఐదున్నరకు బయలుదేరితే సోమవారం పొద్దున ఏడెనిమిది గంటలకు చేరుతుంది. పది గంటలకు ఇంటర్వ్యూ. రిజర్వేషను లేదు. ప్రస్థానానికి మూడు రోజుల గడువు తీరిపోయింది. పైగా ఆదివారం నవమి. పైగా ఐదున్నరంటే నడి రాహుకాలం. మా నాయన పంచాంగంలో ఒక మనిషి కదలకూడని కారణాలు ఎన్ని ఉన్నాయో అన్నీ ఆ ఒక్క బస్సులో ఎక్కి కూర్చున్నాయి. ఈయన నన్ను కదలనివ్వడని నేను అనుకున్నాను. పొద్దున్నుంచీ యుద్ధానికి మాటలు కూడా పేర్చుకున్నాను. ఆయన మాత్రం పంచాంగం అటక మీదికి ఎక్కించి, అంగడికి పోయి కూర్చున్నాడు. రెండు గంటలకు వచ్చి, "లెయ్యమ్మా, పోదాం," అన్నాడు.

శంకరప్పను విడిపించి, సంచి తీసుకుని, మదనపల్లె చేరాం. బస్సు వచ్చి ఆగీ ఆగకముందే మా నాయన పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టాడు. సోమల బస్సుల్లో నలభై ఏళ్లుగా చేసిన సాధన అది. కండక్టరు ఆ తువ్వాలు తీసి చేతికిచ్చాడు.

"అన్నీ రిజర్వేషనప్పా. ముందర లేడీసు సీటు ఒక్కటే కాళీ ఉండాది."

"పాప కూర్చుంటాది. నేను నిలబడొస్తా."

"హైదరాబాదు దాకా నిలబడనీము పెద్దాయనా. ఎక్కితే పాపను ఎక్కించు, లేకుంటే ఇద్దురూ నిలిసిపోండి."

మా నాయన నా వైపు చూశాడు. ఆడబిడ్డ ఒంటిగా పోవడమా అన్న మనిషి. ఆయన రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, నా సంచి మూతికి ఉన్న ఎద్దుముడి విప్పాడు. మళ్లీ కట్టాడు. ఈసారి జారుముడి.

"ఈ కొస లాగు, విడిపోతాది. ఎవురినీ అడిగే పనిలేదు," అన్నాడు.

దుప్పటి ఒకటి, పులిహోర పొట్లం ఒకటి నాకిచ్చి, మిగిలిన సంసారాన్నంతా తన దగ్గరే ఉంచుకున్నాడు. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన కింద నిలబడి కిటికీ కమ్మిని పట్టుకున్నాడు. జాగ్రత్తలు చెబుతాడనుకున్నాను. ఇరవై రోజులుగా ఊరందరికీ చెప్పినవాడు, నాకు ఒక్కటీ చెప్పలేదు.

నా నోరు ఊరుకోదు కదా. రెండు రోజుల కోపం ఇంకా లోపలే ఉంది. ఒక్కసారి గిచ్చాలనిపించింది.

"నాయనా, ఇప్పుడు టైమెంత?" అన్నాను.

ఆయన చెయ్యెత్తి గడియారం చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాలుగుంపావమ్మా," అన్నాడు. "రాహుకాలం ఇంకా రాలా. మంచి గడియలోనే పోతాండావు. దిగులు పడాకు."

ఆయన వెనకే, తల మీదుగా, బస్టాండు గోడ గడియారం నాకు ఎదురుగా కనబడుతోంది. ఐదూ ఇరవై ఎనిమిది. ఆయన దాన్ని చూడలేదు. రేడియోతో సమానంగా నడిచే ఆ గడియారం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు చెప్పింది గడియారం కాదు. రాహుకాలం అంటే నాకు లక్ష్యం లేదని ఆయనకు తెలియదు. నేను కూడా తనలాగే భయపడతాననుకున్నాడు. ఆ భయం నాకు రాకుండా, మొత్తం తనే పెట్టుకుని కింద నిలబడ్డాడు.

గోడ గడియారం చూపించడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. నా జన్మలో అదే మొదటిసారి.

"అవును నాయనా, నాలుగుంపావే," అన్నాను.

బస్సు కదిలింది. ఆయన కమ్మిని వదలకుండా నాలుగడుగులు నడిచాడు.

ఆ ఉద్యోగం నాకు వచ్చింది. ఇంటర్వ్యూలో జారుముడి కొస లాగి సర్టిఫికెట్లు తీస్తుంటే, బల్ల అవతలాయన ఆ ముడి ఎట్లా వేశారని రెండుసార్లు అడిగాడు. తర్వాత పదేళ్లలో నేను ఎక్కని బస్సు లేదు, వెళ్లని ఊరు లేదు. మా నాయన మాత్రం ఈనాటికీ హైదరాబాదు చూడలేదు. ఆయన చేసిన దూరప్రయాణం కుప్పం ఒక్కటే. దాని గురించి అడిగితే మజ్జిగ బాగుందంటాడు.

అంగడి ముందు బల్ల మీద కొత్తగా ఎవరు కూర్చున్నా ఈ కథ చెబుతాడు. ఉద్యోగం ఘనత నా చదువుది కాదు, షష్ఠి గురువారం ఏడూ ఇరవైకి పెట్టిన ప్రస్థానానిదట. శంకరప్ప పక్కనే కూర్చుని తల ఊపుతాడు. సంచి తానే మోశాడు కాబట్టి అందులో ఆయనకూ వాటా ఉంది. నేను సెలవుకు వచ్చినప్పుడు చెబితే, చివర్లో నన్ను సాక్ష్యానికి పిలుస్తాడు.

"బస్సు కదిలేటప్పుడు టైమెంతమ్మా?"

అందరూ నా వైపు తిరుగుతారు. ఆయన మాత్రం చేతిలోని పలుపును చూస్తూ ఉంటాడు.

"నాలుగుంపావు," అంటాను.